నక్షత్రాంతర ప్రయాణంలో ఇంధన సమస్య

నక్షత్రాంతర ప్రయాణంలో ఇంధన సమస్య అనగా, రాకెట్టు సహాయంతో సూర్య కుటుంబాన్ని విడిచి మరొక నక్షత్రాన్ని చేరడానికి కావలసిన ఇంధనం, ఏ నౌకా మోయలేనంత అధికం కావడం వలన ఏర్పడే సమస్య. ఇది ఇంధనం దొరకకపోవడం వలన కలిగే కొరత వంటిది కాదు. రాకెట్టు తనను ముందుకు నెట్టే పదార్థాన్ని తానే మోసుకొని పోవాలి. ఆ పదార్థాన్ని మోయడానికి మరికొంత పదార్థం, దానిని మోయడానికి ఇంకొంత పదార్థం అవసరమవుతాయి. ఈ సమస్యకు మూలం ఇదే. శ్రీహరికోట నుండి ఎగిరే రాకెట్లకు కూడా ఇదే నియమం వర్తిస్తుంది. అయితే చంద్రుని వరకు భరించదగినదిగా ఉన్న ఈ భారం, నక్షత్రాల విషయంలో విశ్వంలోని పదార్థమంతా చాలనంతగా పెరిగిపోతుంది.

దూరం

సూర్యుని తరువాత మనకు అతి సమీపంలో ఉన్న నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ. దీని దూరం సుమారు 4.25 కాంతి సంవత్సరాలు, అనగా దాదాపు 40 లక్షల కోట్ల కిలోమీటర్లు. ఇది ఆల్ఫా సెంటారీ అనే జంట నక్షత్రాలకు తోడుగా ఉన్న చిన్న ఎర్రని నక్షత్రం. ఆల్ఫా సెంటారీని వరంగల్లు నుండి మే, జూన్ నెలల రాత్రులలో దక్షిణ దిక్కున, దిగంతానికి కొద్ది ఎత్తులో చూడవచ్చు. ప్రాక్సిమా మాత్రం కంటికి కనిపించదు. దీని చుట్టూ ఒక గ్రహం తిరుగుతున్నట్లు 2016లో కనుగొన్నారు.

ఈ దూరాన్ని ఊహించడానికి ఒక నమూనా ఉపయోగపడుతుంది. సూర్యుడు వరంగల్లు కోటలోని కీర్తి తోరణం వద్ద ఉన్నాడని, భూమి అతనికి ఒక మీటరు దూరంలో ఉన్నదని అనుకుందాం. అప్పుడు నెప్ట్యూన్ 30 మీటర్ల దూరంలో ఉంటుంది. 1977లో బయలుదేరి, మానవ నిర్మిత వస్తువులన్నింటిలో అత్యంత దూరం చేరిన వాయేజర్ 1 నౌక సుమారు 170 మీటర్ల దూరంలో, కోటలోపలే ఉంటుంది. ప్రాక్సిమా సెంటారీ మాత్రం 268 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. రైలుదారిలో చెప్పాలంటే విజయవాడ, తెనాలి దాటి బాపట్ల దగ్గరకు పోవాలి.

వాయేజర్ 1 వేగం సెకనుకు సుమారు 17 కిలోమీటర్లు. ఈ వేగంతో ప్రాక్సిమా అంత దూరం పోవడానికి దాదాపు 75,000 సంవత్సరాలు పడుతుంది. పాలంపేటలోని రామప్ప దేవాలయం నిర్మితమైన 1213లో ఇదే వేగంతో ఒక నౌక బయలుదేరి ఉంటే, అది నేటికి దారిలో నూరింట ఒక వంతు మాత్రమే దాటి ఉండేది. పై నమూనాలో అది కోట తోరణం నుండి మూడు కిలోమీటర్లు కూడా పోయి ఉండదు.

రాకెట్టు సూత్రం

రాకెట్టు గాలిని గాని, నేలను గాని నెట్టి ముందుకు పోదు. తనలోని పదార్థాన్ని వెనుకకు వేగంగా విసిరి, దానికి ప్రతిచర్యగా ముందుకు కదులుతుంది. ఇలా విసరబడే పదార్థాన్ని చోదకం అంటారు. రసాయనిక రాకెట్లలో ఇంధనం, దానిని మండించే ఆక్సీకారిణి కలిసి చోదకం అవుతాయి. అది వెలువడే వేగాన్ని నిర్గమ వేగం అనవచ్చు.

రష్యాకు చెందిన ఉపాధ్యాయుడు కాన్‌స్టాంటిన్ సియోల్కోవ్‌స్కీ 1903లో ప్రచురించిన సూత్రం ఈ రాశుల మధ్య సంబంధాన్ని తెలుపుతుంది:

రాకెట్టు పొందే వేగం = నిర్గమ వేగం × (తొలి ద్రవ్యరాశి ÷ తుది ద్రవ్యరాశి) యొక్క సహజ సంవర్గమానం

ఇందులో తొలి ద్రవ్యరాశి అంటే చోదకంతో నిండిన రాకెట్టు బరువు. తుది ద్రవ్యరాశి అంటే చోదకమంతా అయిపోయిన తరువాత మిగిలిన బరువు. ఈ రెండింటి నిష్పత్తిని ద్రవ్యరాశి నిష్పత్తి అంటారు. సూత్రాన్ని తిరగవేసి చెబితే దాని కాఠిన్యం తెలుస్తుంది. కావలసిన వేగం నిర్గమ వేగానికి ఎన్ని రెట్లు ఉంటుందో, అన్నిసార్లు 2.718 అనే సంఖ్యను దానితోనే గుణించాలి. అలా వచ్చినదే ద్రవ్యరాశి నిష్పత్తి.

* వేగం నిర్గమ వేగానికి సమానమైతే నిష్పత్తి 2.7
* 2 రెట్లయితే 7.4
* 3 రెట్లయితే 20
* 5 రెట్లయితే 148
* 10 రెట్లయితే సుమారు 22,000

చదరంగపు గడులలో గింజలను రెట్టింపు చేస్తూ పోయినట్లు, ఇక్కడ వేగం కూడికతో పెరుగుతుండగా బరువు గుణకారంతో పెరుగుతుంది. పూర్వం ఎడ్లబండ్లపై మేడారం జాతరకు పోయేవారు ఎడ్లకు కావలసిన గడ్డిని బండిలోనే వేసుకొని పోయేవారు. దారి కొద్ది రోజులదైతే ఇబ్బంది లేదు. దారిలో ఎక్కడా మేత దొరకక, ప్రయాణం నెలల తరబడి సాగవలసి వస్తే, ఆ గడ్డి బరువును లాగడానికే మరిన్ని ఎడ్లు, ఆ ఎడ్లకు మరింత గడ్డి కావాలి. రాకెట్టు స్థితి కూడా ఇదే.

శ్రీహరికోట రాకెట్లలో ఇంధన భారం

ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీహరికోట (పూర్వం నెల్లూరు జిల్లా, 2022 నుండి తిరుపతి జిల్లా) రాకెట్ ప్రయోగ కేంద్రం మాత్రమే కాదు, చోదకాన్ని తయారుచేసే కేంద్రం కూడా. ఇక్కడి నుండి తొలి రాకెట్టు 1971 అక్టోబరు 9న ఎగిరింది. పీఎస్ఎల్‌వీ మొదటి దశకు, ఎల్‌వీఎం3 రాకెట్టు బూస్టర్లకు కావలసిన ఘన చోదకాన్ని శ్రీహరికోటలోని కర్మాగారంలోనే పోతపోస్తారు.

చంద్రయాన్-3ను 2023 జులై 14న మోసుకొని పోయిన ఎల్‌వీఎం3 రాకెట్టు బరువు, బయలుదేరే సమయంలో సుమారు 640 టన్నులు. అది మోసిన నౌక బరువు సుమారు 3.9 టన్నులు. అనగా నూరు పాళ్ళలో ఒక పాలు కూడా కాదు. మిగిలిన దానిలో అత్యధిక భాగం చోదకమే. దాని దశలు ఈ విధంగా ఉంటాయి:

* రెండు ఎస్200 బూస్టర్లు: ఒక్కొక్కదానిలో 200 టన్నులకు పైగా ఘన చోదకం. నిర్గమ వేగం సెకనుకు సుమారు 2.7 కిలోమీటర్లు.
* ఎల్110 దశ: సుమారు 110 టన్నుల ద్రవ చోదకం. రెండు వికాస్ ఇంజన్లు. నిర్గమ వేగం సుమారు 2.9 కిలోమీటర్లు.
* సీ25 క్రయోజెనిక్ దశ: సుమారు 28 టన్నుల ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్. నిర్గమ వేగం సుమారు 4.3 కిలోమీటర్లు.

ఖాళీ అయిన దశలను ఒకదాని తరువాత ఒకటి వదిలివేయడం వలన వ్యర్థమైన బరువును మోయవలసిన అవసరం తప్పుతుంది. అయినా సియోల్కోవ్‌స్కీ సూత్రం విధించే గుణకారం నుండి మాత్రం తప్పించుకోవడం సాధ్యం కాదు.

పై మూడింటిలో మూడవ దశ మేలైనది. హైడ్రోజన్, ఆక్సిజన్‌ల జంట ఆచరణలో వాడుతున్న రసాయనిక చోదకాలలో అత్యుత్తమమైనది. దాని నిర్గమ వేగం ఎంత మంచి ఇంజనులోనైనా సెకనుకు 4.5 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. దీనికి కారణం ఇంజను నిర్మాణంలోని లోపం కాదు. రసాయనిక చర్యలో పరమాణువుల బయటి ఎలక్ట్రాన్లు మాత్రమే స్థానం మారతాయి. ఆ మార్పు వలన వెలువడే శక్తికి ప్రకృతిసిద్ధమైన హద్దు ఉన్నది.

రసాయనిక ఇంధనంతో నక్షత్ర యాత్ర

నిర్గమ వేగం సెకనుకు 4.4 కిలోమీటర్లని తీసుకొని, ప్రాక్సిమా సెంటారీకి కావలసిన ద్రవ్యరాశి నిష్పత్తిని లెక్కిస్తే ఈ ఫలితాలు వస్తాయి. ఇందులో ట్యాంకులు, ఇంజన్ల బరువును, గురుత్వాకర్షణను లెక్కలోకి తీసుకోలేదు. నౌక గమ్యం దగ్గర ఆగకుండా దూసుకొని పోతుందని భావించడమైనది.

* 75,000 సంవత్సరాల ప్రయాణం (సెకనుకు 17 కి.మీ.): నిష్పత్తి సుమారు 48.
* 10,000 సంవత్సరాల ప్రయాణం (సెకనుకు 127 కి.మీ.): నిష్పత్తి సుమారు 3.7 లక్షల కోట్లు.
* 1,000 సంవత్సరాల ప్రయాణం (సెకనుకు 1,274 కి.మీ.): 1 తరువాత సుమారు 125 సున్నాలు గల సంఖ్య.
* సుమారు 42 సంవత్సరాల ప్రయాణం (సెకనుకు 30,000 కి.మీ., అనగా కాంతి వేగంలో పదో వంతు): 1 తరువాత 2,900కు పైగా సున్నాలు గల సంఖ్య.

మనకు కనిపించే విశ్వంలోని పరమాణువుల సంఖ్యను 1 తరువాత సుమారు 80 సున్నాలుగా అంచనా వేస్తారు. కాబట్టి పై జాబితాలోని చివరి రెండు యాత్రలకు, నౌక ఒక్క పరమాణువంత చిన్నదైనా సరే, విశ్వమంతటినీ ఇంధనంగా మార్చినా చాలదు. రసాయనిక రాకెట్టుతో మనిషి జీవితకాలంలో నక్షత్రాన్ని చేరడం కష్టసాధ్యం కాదు, అసాధ్యం. మరింత పెద్ద రాకెట్టును నిర్మించడం దీనికి పరిష్కారం కాజాలదు.

ఆగడానికి కావలసిన ఇంధనం

అంతరిక్షంలో వేగాన్ని తగ్గించే గాలి గాని, రాపిడి గాని చెప్పుకోదగినంత లేవు. గమ్యం దగ్గర ఆగాలంటే రాకెట్టు ఇంజనును ముందు వైపుకు తిప్పి మళ్ళీ మండించాలి. వేగం పొందడానికి ఎంత చోదన అవసరమో, దానిని పోగొట్టుకోవడానికీ అంతే అవసరం. అయితే దీనివలన ఇంధనం రెట్టింపు కావడంతో సరిపోదు. ఆగడానికి వాడే ఇంధనాన్ని కూడా మొదట పూర్తి వేగానికి చేర్చాలి గనుక, నిష్పత్తిని దానితోనే గుణించాలి. 48 కావలసిన చోట 48 × 48, అనగా సుమారు 2,300 అవుతుంది.

పదివేల సంవత్సరాల యాత్రను తీసుకుంటే, ఒక టన్ను నౌకను ప్రాక్సిమా దగ్గర ఆపడానికి కావలసిన చోదకం సుమారు 2,300 భూగోళాల బరువుకు సమానమవుతుంది. తిరుగు ప్రయాణానికి కూడా ఇంధనం ఇక్కడి నుండే తీసుకొని పోవాలంటే ఈ సంఖ్యను మళ్ళీ దానితోనే గుణించాలి.

శక్తి అవసరం

ఇంధనపు బరువు సంగతి పక్కన పెట్టి, శక్తిని మాత్రమే లెక్కించినా సమస్య చిన్నది కాదు. ఒక టన్ను బరువును కాంతి వేగంలో పదో వంతు వేగానికి చేర్చాలంటే, ఏ నష్టమూ లేకుండా, సుమారు 12,500 కోట్ల యూనిట్ల విద్యుత్తుకు సమానమైన శక్తి కావాలి. పూర్వపు వరంగల్లు జిల్లాలోని చెల్పూరు వద్ద ఉన్న కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం స్థాపిత సామర్థ్యం 1,100 మెగావాట్లు. ఆ కేంద్రం ఒక్క క్షణం కూడా ఆగకుండా పూర్తి సామర్థ్యంతో పనిచేస్తే, ఇంత శక్తిని ఉత్పత్తి చేయడానికి 13 సంవత్సరాలు పడుతుంది. ఇది ఒక టన్నుకు మాత్రమే. మనుషులు నివసించదగిన నౌకకు వేల టన్నులు కావాలి.

నిర్గమ వేగాన్ని పెంచే మార్గాలు

సియోల్కోవ్‌స్కీ సూత్రంలో మానవుడు మార్చగలిగినది ఒక్క నిర్గమ వేగమే. ఈ విషయంపై జరిగిన పరిశోధనలన్నీ దానిని పెంచడానికి చేసిన ప్రయత్నాలే.

విద్యుత్ చోదనం: జినాన్ వంటి వాయువును విద్యుదావేశపరచి, విద్యుత్ క్షేత్రంతో విసిరితే సెకనుకు సుమారు 30 కిలోమీటర్ల నిర్గమ వేగం లభిస్తుంది. అమెరికా 2007లో పంపిన డాన్ నౌక ఈ పద్ధతితోనే వెస్టా, సెరిస్ అనే రెండు గ్రహశకలాల చుట్టూ తిరిగింది. శ్రీహరికోట నుండి 2017 మే 5న ప్రయోగించిన జీశాట్-9 ఉపగ్రహంలో ఇస్రో విద్యుత్ చోదనాన్ని వాడింది. పదివేల సంవత్సరాల యాత్రకు ఈ పద్ధతిలో నిష్పత్తి 3.7 లక్షల కోట్ల నుండి సుమారు 70కి దిగివస్తుంది. నిర్గమ వేగం ఏడు రెట్లు పెరిగినందువలన కలిగిన మార్పు ఇది. అయితే ఈ ఇంజను తోపు చాలా స్వల్పం. సూర్యునికి దూరమైన కొద్దీ సౌర విద్యుత్తు క్షీణిస్తుంది గనుక అణు రియాక్టరును మోసుకొని పోక తప్పదు.

కేంద్రక విచ్ఛిత్తి: అణు రియాక్టరుతో హైడ్రోజన్‌ను వేడిచేసి వదిలే ఇంజన్లను అమెరికా నెర్వా అనే పథకంలో నేలపై పరీక్షించి, 1973లో ఆ పథకాన్ని ముగించింది. వీటి నిర్గమ వేగం సెకనుకు సుమారు 8 కిలోమీటర్లు మాత్రమే. ఇది అంగారక యాత్రకు ఉపకరిస్తుంది గాని నక్షత్ర యాత్రకు చాలదు. నౌక వెనుక అణుబాంబులను ఒకదాని తరువాత ఒకటి పేల్చి ముందుకు పోయే ఓరియన్ పథకంపై 1958 నుండి 1965 వరకు పరిశోధన జరిగింది. అంతరిక్షంలో అణు విస్ఫోటాలను నిషేధించిన 1963 నాటి ఒప్పందం దానికి అడ్డుకట్ట వేసింది.

కేంద్రక సంలీనం: తేలిక కేంద్రకాలు కలిసిపోయే చర్యలో, రసాయనిక చర్యతో పోలిస్తే లక్షల రెట్లు అధికంగా శక్తి వెలువడుతుంది. బ్రిటిష్ ఇంటర్‌ప్లానెటరీ సొసైటీ 1973 నుండి 1978 వరకు రూపొందించిన డీడలస్ పథకం ఈ మార్గంలో వచ్చిన సమగ్రమైన నమూనా. సుమారు 5.9 కాంతి సంవత్సరాల దూరంలోని బర్నార్డ్ నక్షత్రాన్ని, కాంతి వేగంలో 12 శాతం వేగంతో, సుమారు 50 సంవత్సరాలలో చేరడం దాని లక్ష్యం. నిర్గమ వేగం సెకనుకు సుమారు 10,000 కిలోమీటర్లుగా భావించారు. నౌక మొత్తం బరువు 54,000 టన్నులు. అందులో 50,000 టన్నులు ఇంధనమే. అది కూడా గమ్యం దగ్గర ఆగకుండా దాటిపోయే యాత్ర.

ఈ ఇంధనంలో సుమారు 20,000 టన్నులు డ్యుటీరియం, 30,000 టన్నులు హీలియం-3. డ్యుటీరియం అనేది హైడ్రోజన్‌లోని బరువైన రకం. సాధారణ నీటిలో సుమారు 6,500 హైడ్రోజన్ పరమాణువులకు ఒకటి చొప్పున ఉంటుంది. వరంగల్లుకు తూర్పున, నూరు కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న మణుగూరు భారజల కర్మాగారం గోదావరి నీటి నుండి డ్యుటీరియంతో కూడిన భారజలాన్ని వేరు చేస్తుంది. అణు విద్యుత్ కేంద్రాల కొరకు 1991లో ప్రారంభమైన ఈ కర్మాగారపు సామర్థ్యం ఏటా సుమారు 185 టన్నులు. భారజలం బరువులో అయిదో వంతు డ్యుటీరియం. అనగా ఏటా సుమారు 37 టన్నులు. ఈ లెక్కన ఒక్క డీడలస్ నౌకకు కావలసిన డ్యుటీరియాన్ని సమకూర్చడానికి మణుగూరు వంటి కర్మాగారానికి సుమారు 540 సంవత్సరాలు పడుతుంది.

డ్యుటీరియం విషయంలో ఇది పరిమాణానికి సంబంధించిన సమస్య మాత్రమే. కర్మాగారాల సంఖ్య పెంచితే పరిష్కారమవుతుంది. హీలియం-3 మాత్రం భూమిపై దాదాపు దొరకదు. దానిని బృహస్పతి వాతావరణం నుండి సేకరించాలని డీడలస్ రూపకర్తలు ప్రతిపాదించారు. అంతేగాక, సంలీన చర్యతో నడిచే రాకెట్ ఇంజను ఇంతవరకు ఎక్కడా తయారు కాలేదు.

ప్రతిపదార్థం: పదార్థం, ప్రతిపదార్థం తాకినపుడు రెండూ నశించి, వాటి ద్రవ్యరాశి మొత్తం శక్తిగా మారుతుంది. ఒక గ్రాము ప్రతిపదార్థం ఒక గ్రాము పదార్థంతో కలిస్తే సుమారు 5 కోట్ల యూనిట్ల విద్యుత్తుకు సమానమైన శక్తి విడుదలవుతుంది. బరువు దృష్ట్యా ఇంతకు మించిన ఇంధనం లేదు. కాని ప్రయోగశాలలలో ఇంతవరకు తయారైనది నానోగ్రాములలోనే ఉన్నది. దానిని తయారుచేయడానికి అయ్యే శక్తి, దాని నుండి వచ్చే శక్తి కంటే అనేక రెట్లు ఎక్కువ. నిల్వ చేసే పాత్రను తాకనీయకుండా అయస్కాంత క్షేత్రాలతో పట్టి ఉంచడం మరొక కష్టం.

ఇంధనాన్ని మోయని పద్ధతులు

చోదకాన్ని మోయడమే సమస్యకు మూలం గనుక, దానిని మోయకుండా పోయే మార్గాలను కూడా కొందరు సూచించారు. రాబర్ట్ బుస్సార్డ్ 1960లో, నక్షత్రాల మధ్య పలుచగా వ్యాపించి ఉన్న హైడ్రోజన్‌ను అయస్కాంత క్షేత్రంతో పోగుచేసి, సంలీనం ద్వారా మండించుకుంటూ పోయే నౌకను ప్రతిపాదించాడు. అయితే అక్కడ ఒక ఘన సెంటీమీటరులో ఇంచుమించు ఒక పరమాణువు మాత్రమే ఉంటుంది. దానిని పోగుచేసేటప్పుడు కలిగే నిరోధం, లభించే తోపును మించిపోవచ్చునని తరువాతి పరిశోధనలు చూపాయి. సాధారణ హైడ్రోజన్ సంలీనం అతి నెమ్మదిగా జరిగే చర్య కావడం మరొక అడ్డంకి.

రెండవ మార్గం కాంతి తెరచాప. కాంతి ఒక తలంపై పడినపుడు దానిని స్వల్పంగా నెడుతుంది. జపాన్ 2010లో పంపిన ఇకారోస్ నౌక సూర్యకాంతి ఒత్తిడితో అంతరిక్షంలో ప్రయాణించవచ్చునని నిరూపించింది. నక్షత్ర యాత్రకు సూర్యకాంతి చాలదు గనుక, శక్తివంతమైన లేజరు కిరణాలతో తెరచాపను నెట్టే పద్ధతిని రాబర్ట్ ఫార్వర్డ్ వివరించాడు. 2016 ఏప్రిల్‌లో ప్రకటించిన బ్రేక్‌త్రూ స్టార్‌షాట్ పథకం కొద్ది గ్రాముల బరువు గల పరికరాలను, సుమారు 100 గిగావాట్ల లేజరు శక్తితో, కాంతి వేగంలో 20 శాతం వేగానికి చేర్చి, సుమారు 20 సంవత్సరాలలో ఆల్ఫా సెంటారీ చేర్చాలని సంకల్పించింది. ఇందులో ఇంధనం, ఇంజను రెండూ భూమిపైనే ఉంటాయి. అందువలన సియోల్కోవ్‌స్కీ సూత్రం దీనికి వర్తించదు. కాని ఈ పరికరం గమ్యం దగ్గర ఆగలేదు. మనుషులను మోయలేదు.

సమస్య సారాంశం

నక్షత్ర యాత్ర సాధ్యమా అనే ప్రశ్నకు రాకెట్టు సూత్రం స్పష్టమైన సమాధానమిస్తుంది. ప్రయాణ వేగం నిర్గమ వేగానికి రెండు మూడు రెట్లకు లోబడి ఉన్నంతవరకు రాకెట్టు నిర్మాణం సాధ్యమే. అది పది రెట్లు దాటితే ఆచరణలో అసాధ్యమవుతుంది. భూకక్ష్యను చేరడానికి సెకనుకు సుమారు 8 కిలోమీటర్ల వేగం చాలు. రసాయనిక ఇంధనపు నిర్గమ వేగానికి ఇది రెండు మూడు రెట్లే. అందువలననే ఉపగ్రహాలు, చంద్రయాత్రలు సాధ్యమయ్యాయి. భూమి ఇప్పటికంటే చాలా బరువైనదై ఉంటే, శ్రీహరికోట నుండి ఒక్క ఉపగ్రహమైనా ఎగరడం కష్టమయ్యేది.

నక్షత్రాలను మానవ జీవితకాలంలో చేరాలంటే సెకనుకు వేల కిలోమీటర్ల నిర్గమ వేగం కావాలి. లేదా ఇంధనాన్ని ఇంటివద్దనే విడిచి పోవాలి. మొదటిదానికి కేంద్రక సంలీనాన్ని, రెండవదానికి అతి శక్తివంతమైన లేజర్లను సాధించవలసి ఉన్నది. ఈ రెండూ ప్రకృతి నియమాలకు విరుద్ధమైనవి కావు. రసాయనిక ఇంధనానికి, వీటికి ఉన్న భేదం ఇదే.

ఇవి కూడా చూడండి

* శ్రీహరికోట
* సతీష్ ధావన్ అంతరిక్ష కేంద్రం
* చంద్రయాన్-3
* భారజలం
* మణుగూరు
* కేంద్రక సంలీనం
* కాంతి సంవత్సరం